పన్నెండు గులాబీలు, ఐదు కుండీలు

ప్రశ్న: మాది ఖమ్మం. మేడ మీద చిన్న తోట పెంచుతున్నాను. గులాబీలకు ఇంకో ఐదు కుండీలు పెట్టుకునే చోటుంది. ఆన్‌లైన్ నర్సరీల ఫొటోలు చూసి నచ్చినవన్నీ రాసుకుంటే పన్నెండు తేలాయి: బ్లాక్ బక్కారా, బ్లూ మూన్, పాపా మెయిలాండ్, డబుల్ డిలైట్, పీస్, ఐస్‌బర్గ్, గ్లాడియేటర్, తాజ్‌మహల్, అబ్రహామ్ డార్బీ, క్వీన్ ఎలిజబెత్, మోహిని, బటన్ గులాబీ. ఒకచోట నీలం గులాబీ విత్తనాలు కూడా కనిపించాయి. పోయినేడు మార్చిలో తెప్పించిన రెండు మొక్కలు మే నెల దాటలేదు. నాకు పూజకు రోజూ నాలుగు పూలు కావాలి. మా అత్తగారేమో, వాసన లేని గులాబీ దేవుడికెందుకమ్మా అంటారు. మేడ మీద పొద్దున్నుంచి సాయంత్రం నాలుగింటి దాకా ఎండ ఉంటుంది. నీళ్ళు బోరువి. ఈసారి ఏవి తెప్పించమంటారు? ఎప్పుడు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం:

ముందు మీ అత్తగారి పక్షాన ఒక మాట. ఆవిడ అడిగింది చాదస్తం కాదు. ఏ మొక్క తెప్పించుకోవాలో తేల్చడానికి ఫొటో కన్నా ఆ ప్రశ్నే ఎక్కువ పనికొస్తుంది. పువ్వు ఎందుకు కావాలో తేలితే మీ పట్టికలో సగం పేర్లు వాటంతట అవే పోతాయి. మిగతా సగాన్ని ఖమ్మం ఎండ, శ్రావణమాసపు ముసురు తేలుస్తాయి.

ఆ ఫొటోల్లో చాలా వరకు చల్లటి దేశాల్లోనో, ప్లాస్టిక్ కప్పు కింద పెంచే పాలీహౌస్‌లలోనో తీసినవి. మన దగ్గర గులాబీ అలా కనిపించేది డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకానే. ఆ మూడు నెలలూ దాదాపు ఏ రకమైనా బాగానే పూస్తుంది, మనల్ని మురిపిస్తుంది. కాబట్టి రకాన్ని ఎంచుకునేటప్పుడు చలికాలపు పువ్వును లెక్కలోకి తీసుకోకండి. మే నెలలో బతికి ఉంటుందా, ఆగస్టులో ఒంటి మీద ఆకు మిగులుతుందా అని చూడండి.

మొదట కొట్టేయాల్సినవి చెబుతాను. బ్లాక్ బక్కారా, తాజ్‌మహల్ రెండూ బొకేల కోసం పుట్టించిన పూలు. బెంగళూరు, హోసూరు, పుణె వైపు పాలీహౌస్‌లలో ఇలాంటి రకాలే పెంచి ఫిబ్రవరిలో ప్రేమికుల రోజుకు పంపుతారు. పొడుగు కాడ, బిగువైన మొగ్గ, వాజులో వారం రోజులు నిలిచే రేకు – ఇవి సాధించే క్రమంలో వాసన పోయింది. పైగా బ్లాక్ బక్కారాకు ఆ నల్లటి వన్నె చల్లదనంలోనే వస్తుంది. మన ఎండకు మామూలు ముదురు ఎరుపుగా మారిపోతుంది, రేకుల అంచులు కూడా మాడతాయి. ముదురు ఎరుపు గులాబీలన్నిటికీ ఈ అంచు మాడే గుణం ఎంతో కొంత ఉంటుంది.

బ్లూ మూన్ 1964 నాటి జర్మన్ రకం. వాసన చాలా బాగుంటుంది, అందులో అనుమానం లేదు. కానీ రంగు నీలం కాదు, లేత ఊదా. ఎండలో అది కూడా వెలిసిపోతుంది. ఇక నీలం గులాబీ విత్తనాల జోలికి అసలు వెళ్ళకండి. గులాబీ జాతిలో నీలం రంగునిచ్చే పదార్థమే తయారవదు. జపాన్‌లో సంటోరీ కంపెనీ వేరే పువ్వు జన్యువును గులాబీలో చొప్పించి, ఏళ్ళ తరబడి శ్రమపడి 2009లో అమ్మకానికి పెట్టిన పువ్వు కూడా చూడటానికి ఊదాగానే ఉంటుంది. అలాంటిది యాభై రూపాయల ప్యాకెట్‌లో మనకెక్కడ వస్తుంది? అసలు హైబ్రిడ్ గులాబీలేవీ విత్తనం నుంచి తల్లిలా రావు. అంటు కట్టో, కొమ్మ నాటో పెంచాల్సిందే.

పాపా మెయిలాండ్ దగ్గర నాకూ మనసు లాగుతుంది. అంత వాసనున్న ఎర్ర గులాబీలు తక్కువ. కానీ మొక్క బలహీనం, బూడిద తెగులు త్వరగా పడుతుంది. మేడ మీద కుండీలో, అదీ కొత్తగా పెంచేవాళ్ళకు వద్దనే అంటాను. పీస్‌కు చరిత్ర గొప్పది. 1945లో యుద్ధం ముగుస్తున్న రోజుల్లో ఆ పేరు పెట్టారు. కానీ వాసన అంతంతమాత్రం, మన ఎండకు పసుపు వెలిసి పాలిపోతుంది. అబ్రహామ్ డార్బీ ఇంగ్లండ్ తోటల కోసం డేవిడ్ ఆస్టిన్ పుట్టించిన రకం. వేడి ప్రాంతాల్లో ఇవి పూలు తగ్గించి పొడుగాటి కొమ్మలు చాస్తాయి, తీగలా పాకుతాయి. దానికి నేల కావాలి, ఆనుకోవడానికి పందిరో గోడో కావాలి. క్వీన్ ఎలిజబెత్ మాత్రం మొండి మొక్క. ఎండకు భయపడదు, ఆరడుగులు లేస్తుంది. మీకు కింద పెరట్లో మట్టి నేల ఉంటే ఒకటి వేయండి. మేడ మీద గాలికి అంత ఎత్తు మొక్క కుండీతో సహా పడిపోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. రోజూ నాలుగు పూలు కావాలన్నారు. పెద్ద పువ్వులు పూసే హైబ్రిడ్ టీ రకాలు, అంటే కాడకొక్క పువ్వు పూసేవి, ఆ పని చేయలేవు. కత్తిరించిన తర్వాత ఆరేడు వారాలకు ఒక విడత పూస్తాయి. కుండీలో అయితే విడతకు ఓ అరడజను పూలు. అవి అయిపోయాక మళ్ళీ చిగురు కోసం ఎదురుచూడాలి. డబుల్ డిలైట్ లాంటివి అయిదు పెట్టుకున్నా మీ పూజ పళ్ళెం నెలలో సగం రోజులు ఖాళీగానే ఉంటుంది. రోజూ పూలు కావాలంటే గుత్తులుగా పూసేవి, ఆగకుండా చిగుర్లు వేసేవి పెట్టుకోవాలి.

వాటిలో మొదటిది మీ పట్టికలో లేనే లేదు. నాటు గులాబీ. కొందరు పన్నీరు గులాబీ అంటారు. గులాబీ రంగు, వదులు రేకులు, కాడ నిండా సన్నటి ముళ్ళు, గదంతా నిండే వాసన. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు దీన్ని ఎవరూ లెక్కచేయరు. దక్షిణాదిలో దండల కోసం పొలాల్లో ఏళ్ళుగా పెంచుతున్న ఎడ్వర్డ్ గులాబీదీ ఈ తీరే. అది రెండు వందల ఏళ్ళ కిందట హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో, చైనా గులాబీకీ డమాస్క్ గులాబీకీ కలిగిన సంకరం. విడవకుండా పూసే గుణం చైనా గులాబీ నుంచి, వాసన డమాస్క్ నుంచి వచ్చాయి. వేడి దీవిలో పుట్టింది కాబట్టి మన ఎండ దానికి కొత్త కాదు. తమిళనాడులో పూల రైతులు పెంచే విడిపూల రకాల్లో ఎడ్వర్డ్‌తో పాటు ‘ఆంధ్ర రెడ్’ అనే ఎర్ర గులాబీ కూడా ఉంది.

నాటు గులాబీలో ఒక లోపం ఉంది, ముందే చెప్పాలి. పొద్దున విచ్చితే సాయంత్రానికి రేకులు రాలతాయి. వాజులో పెట్టుకునేవాళ్ళకు అది లోపమే. తెల్లవారి కోసి దేవుడికి పెట్టేవాళ్ళకు ఏం ఇబ్బంది?

దీన్ని ఆర్డర్ పెట్టకండి. మీ వీధిలోనో, చుట్టుపక్కల పల్లెలో చుట్టాలింట్లోనో ఉంటుంది, అడగండి. వానలు వెనకబడ్డాక, కార్తీకంలో, పెన్సిల్ లావున్న కొమ్మను జానెడు ముక్కలు కోసి, కింది ఆకులు తీసి, ఇసుక కలిపిన మట్టిలో సగం దాకా గుచ్చి నీడలో పెట్టండి. నాలుగు గుచ్చితే రెండైనా బతుకుతాయి. సొంత వేరు మీద పెరిగే మొక్క కాబట్టి అంటు పోయిందన్న టెన్షన్ ఉండదు. ఆన్‌లైన్‌లో ‘డమాస్క్’ అని రాసి అమ్మేదాన్ని కొనాల్సి వస్తే మాత్రం ఏడాది పొడుగునా పూసేదేనా అని అడిగి తీసుకోండి. రాజస్థాన్‌లో పుష్కర్ వైపు పెంచే చైతీ గులాబీ అనే డమాస్క్ రకం, పేరుకు తగ్గట్టు చైత్రంలోనే పూస్తుంది. మిగతా నెలలు ముళ్ళ మొక్కే.

ఐదు కుండీల్లో రెండు దీనికిచ్చేయండి. అయినా ఏడాదంతా రోజూ నాలుగు పూలు వస్తాయని చెప్పలేను. మే నెలలో, కత్తిరించిన తర్వాత వారాల్లో తగ్గుతాయి. ఆ రోజులకు ఒక నందివర్ధనం, ఒక మందారం పక్కన ఉంటే గులాబీ మీద అంత భారం పడదు.

మూడో కుండీకి ఐస్‌బర్గ్. 1958లో జర్మనీలో కోర్డెస్ వాళ్ళు పుట్టించారు. పేరు మంచుకొండే కానీ, ప్రపంచంలో వేడి ప్రాంతాల తోటల్లో ఇంతగా నిలదొక్కుకున్న తెల్ల గులాబీ ఇంకోటి లేదనే చెప్పాలి. గుత్తులుగా పూస్తుంది, ముళ్ళు తక్కువ, తెలుపు కాబట్టి ఎండకు వెలిసిపోవడానికి రంగే లేదు. వాసన లేతగా ఉంటుంది. అత్తగారు ఒప్పుకుంటారో లేదో మీరే చూసుకోవాలి. వానల్లో దీనికీ నల్ల మచ్చ తెగులు వస్తుంది, ఆకు రాలుతుంది. కానీ ఎండ రాగానే తేరుకుంటుంది.

నాలుగోది డబుల్ డిలైట్. ఈ ఒక్క విషయంలో ఫొటో చూసి మీరు మోసపోలేదు. మీగడ రంగు పువ్వు అంచుల నుంచి ఎర్రబడుతూ వస్తుంది. ఆ ఎరుపు ఎక్కేది సూర్యరశ్మి తగిలితేనే. పాలీహౌస్‌లో పాలిపోయినట్టుండే పువ్వు మీ మేడ మీద నిండుగా రంగెక్కుతుంది. వాసన ఘాటుగా ఉంటుంది. డిసెంబరు, జనవరి చలిలో ఆకుల మీద బూడిద తెగులు కనిపిస్తుంది, గాలి ఆడే చోట పెట్టండి. పూలు తక్కువే పూస్తుంది కాబట్టి ఇది పూజకు కాదు, మీ సరదాకు.

గ్లాడియేటర్‌ది ఇంకో కథ. ఎప్పుడో 1950లలో అమెరికాలో పుట్టిన ఎర్ర గులాబీ. పాలీహౌస్‌లు రాకముందు మన దేశంలో ఆరుబయట పొలాల్లో కోత పూల కోసం పెంచినవాటిలో ఇదే ముందుండేది. అంటే ఎండలో పరీక్ష నెగ్గిన మొక్క. వాసన మధ్యరకం. మీకు ఎర్ర గులాబీ తప్పనిసరి అనుకుంటే బ్లాక్ బక్కారా, పాపా మెయిలాండ్ బదులు దీన్ని తీసుకోండి. పువ్వు రేకులు చూసేటప్పుడు ఒక గుర్తు పెట్టుకోండి: వేడి ప్రాంతాల్లో రేకులు ఎక్కువగా, మందంగా ఉన్న పువ్వు మేలు. పల్చటి రేకులు కొన్నే ఉన్న పువ్వు పొద్దున మొగ్గగా చూస్తే టిఫిన్ వేళకు పూర్తిగా విప్పారి కూర్చుంటుంది.

బటన్ గులాబీని ఐదింట్లో లెక్కేయకండి. దానికి ఎనిమిది అంగుళాల కుండీ చాలు, పిట్టగోడ పక్కన ఎక్కడైనా సర్దుకుంటుంది. వేసవిలో ఆకుల అడుగున ఎర్రనల్లి పడుతుంది, అంతే చూసుకోవాలి. రెండు రోజులకోసారి ఆకుల కిందివైపు నీళ్ళు గట్టిగా చిమ్మితే చాలా వరకు అదుపులో ఉంటుంది.

మిగిలింది మోహిని. మీ పట్టికలో ఆ పేరు చూసి సంతోషమేసింది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో పుట్టిన రకం అది. చాక్లెట్ గోధుమ రంగు, గుత్తులుగా పూస్తుంది. మన దేశపు గులాబీల గురించి మనవాళ్ళే తక్కువ మాట్లాడుకుంటారు. గోధుమ వంగడాల శాస్త్రవేత్త, భారత వ్యవసాయ పరిశోధనా మండలికి మొదటి డైరెక్టర్ జనరల్ అయిన బి.పి. పాల్ ఎన్నో గులాబీ రకాలు సృష్టించారు. ఆయన ‘రోజ్ షర్బత్’ వాసనకు పెట్టింది పేరు. ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ అధికారిగా పనిచేసిన ఎం.ఎస్. వీరరాఘవన్ ఉద్యోగం మధ్యలోనే వదిలి కొడైకెనాల్‌లో స్థిరపడి, వేడి ప్రాంతాలకు తగ్గ గులాబీల కోసమే జీవితమంతా పనిచేశారు. చలి దేశాల గులాబీలను తెచ్చి ఇక్కడ తంటాలు పడే బదులు, మణిపూర్ కొండల్లో పెరిగే అడవి గులాబీ రోజా జైగాంటియాను, నీటి ఒడ్డున పెరిగే మన అడవి గులాబీ రోజా క్లైనోఫిల్లాను తల్లిదండ్రులుగా తీసుకున్నారు. మన వాతావరణానికి అది ఎంత సూటి ఆలోచనో చూడండి. చిక్కేమిటంటే ఇలాంటి రకాలు మామూలు నర్సరీల్లో దొరకవు. దొరికినా ‘ఎరుపు, పసుపు, తెలుపు’ అని రంగు చెప్పి అమ్ముతారే కానీ పేరు రాసి ఉండదు. మోహిని అసలుది, పేరుతో, దొరికితే తీసుకోండి. దొరక్కపోతే దాని పేరుతో ఏదో ఒక గోధుమ రంగు గులాబీని కొనకండి.

మీ రెండు మొక్కలు ఎందుకు పోయాయో ఉత్తరంలోనే ఉంది: మార్చి. మార్చిలో వచ్చిన గులాబీకి వేరు పట్టేలోపే ఏప్రిల్ ఎండ మొదలవుతుంది. మే నెలలో మీ ఊళ్ళో 44, 45 డిగ్రీలంటే స్లాబు మీద ఇంకెంత ఉంటుందో ఆలోచించండి. నల్ల ప్లాస్టిక్ కుండీ అయితే లోపల వేరు ఉడికిపోతుంది. పన్నెండు, పద్నాలుగు అంగుళాల మట్టి లేదా సిమెంటు కుండీ తీసుకుని, బయట సున్నం కొట్టి, ఇటుకల మీద పెట్టండి, కింద గాలి ఆడాలి. ఏప్రిల్ నుంచి జూన్ తొలకరి దాకా యాభై శాతం గ్రీన్ నెట్ కట్టండి, ముఖ్యంగా మధ్యాహ్నం ఎండ వచ్చే వైపు. ఆ రెండు నెలలూ పూల కోసం ఎరువులు వేయకండి, కత్తిరించకండి. మొక్కను బతికించుకుంటే చాలు.

మరో అనుమానం కూడా ఉంది. నర్సరీ నుంచి వచ్చే మొక్క వేర్ల చుట్టూ చాలాసార్లు గట్టి ఎర్రమట్టి ముద్ద ఉంటుంది. దాన్ని అలాగే కుండీలో పెడితే నీళ్ళు పక్కనుంచి జారిపోతాయి, ముద్ద మధ్యలో వేరు పొడిగా ఉండిపోతుంది. చుట్టూ మట్టి తడిగానే ఉంది కదా అని మనం అనుకుంటాం. చలికాలంలో అయితే ముద్దను కాసేపు నీళ్ళలో నానబెట్టి, వేళ్ళతో మెల్లగా పైమట్టి వదులు చేసి నాటవచ్చు. ఎండల్లో ఆ పని చేస్తే మొక్క తట్టుకోలేదు. మట్టి మిశ్రమం గురించి పెద్దగా చెప్పను. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కొంచెం ఇసుక, గుప్పెడు వేపపిండి. కొబ్బరిపొట్టు కొద్దిగా చాలు, వానాకాలంలో అది నీళ్ళు పట్టి ఉంచి వేరు కుళ్ళిస్తుంది.

నాటేటప్పుడు అంటు ముడి, అంటే కింది అడవి గులాబీకి పై రకాన్ని అతికించిన చోటు, మట్టిపైన కనిపించాలి. దాని కింద నుంచి వచ్చే పిలకలను ఎప్పటికప్పుడు మొదట్లోనే పీకేయండి. ‘ఎర్ర గులాబీ కొంటే రెండో ఏడాది చిన్న చిన్న గులాబీ రంగు పూలు పూస్తోంది, నర్సరీ మోసం చేసింది’ అని రాసేవాళ్ళ ఇళ్ళలో చాలావరకు జరిగేది ఇదే. అంటు చచ్చిపోయి కింది అడవి మొక్క పైకొచ్చి ఉంటుంది.

బోరు నీళ్ళ సంగతి. కుండీ అంచుల్లో తెల్లటి ఉప్పు పేరుకుంటుంటే, కొత్త ఆకులు పసుపై ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే, మట్టిలో సున్నం ఎక్కువై మొక్కకు ఇనుము అందడం లేదని అర్థం. ఎరువుల షాపులో చిలేటెడ్ ఐరన్ అడగండి. వానలు పడినప్పుడు కుండీలను వానలోనే ఉంచండి, ఆ ఉప్పంతా కడుక్కుపోతుంది.

శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి, శుక్రవారాలకు పూలు ఎక్కువ కావాలి. సరిగ్గా అప్పుడే నల్ల మచ్చ తెగులు విజృంభిస్తుంది. ఆకు మీద తడి గంటల తరబడి నిలిస్తే ఈ శిలీంధ్రం మొలకెత్తుతుంది. అందుకే సాయంత్రం పూట ఆకుల మీద నీళ్ళు పోయకండి, పొద్దున మొదట్లో పోయండి. మచ్చపడి రాలిన ఆకులను ఏరి పారేయండి, కుండీలోనే వదిలేయకండి. మీ పట్టికలో పసుపు గులాబీలు ఎక్కువ లేకపోవడం ఈ లెక్కన మంచిదే. 1900లో ఫ్రాన్స్‌లో కొత్త గులాబీలు పుట్టించే పెర్నె-దుషె విడుదల చేసిన ‘సొలె దోర్’ అనే రకం ద్వారా పర్షియా పసుపు గులాబీ రక్తం తోట గులాబీల్లోకి వచ్చింది. చక్కటి పసుపు రంగుతో పాటు ఈ తెగులుకు లొంగే గుణం కూడా దాంతోనే వచ్చింది.

అయితే ఆర్డర్ ఎప్పుడు? దీపావళి దాటనివ్వండి. నవంబరు రెండో వారం నుంచి డిసెంబరు చివరిలోపు మొక్క మీ ఇంటికి చేరాలి. కొరియర్‌లో నాలుగైదు రోజులు మూసిన పెట్టెలో ఉన్నా అప్పటి చలికి తట్టుకుంటుంది. వచ్చిన రోజే ఎండలో పెట్టకుండా వారం రోజులు నీడలో ఉంచండి, ఉన్న మొగ్గలు తుంచేయండి. ఆర్డర్ పెట్టేటప్పుడు ఐస్‌బర్గ్, డబుల్ డిలైట్ అని పేర్లతో అడగండి. ‘స్టాకు లేకపోతే వేరే రంగు పంపండి’ అనే గడికి టిక్కు పెట్టకండి. ఒకే చోట అన్నీ కొనాలని లేదు.

ఐదో కుండీకి ఆన్‌లైన్‌లో ఏదీ తెప్పించకండి. జనవరిలో రాజమండ్రి వైపు వెళ్ళే పని పడితే కడియంలో దిగండి, లేదంటే మీ ఊరి నర్సరీకే వెళ్ళండి. అప్పుడు మొక్కలన్నీ పూల మీద ఉంటాయి. అత్తగారిని కూడా తీసుకెళ్ళి, వాసన చూసి ఎంచుకునే పని ఆవిడకే అప్పగించండి. మీరు మాత్రం మొదట్లో పెన్సిల్ లావున్న కొమ్మలు కనీసం మూడున్నాయా, అంటు ముడి గట్టిగా ఉందా, కింది ఆకులు రాలకుండా ఉన్నాయా చూసుకోండి. అక్కడ గ్లాడియేటర్ దొరికితే అదే తెచ్చుకోవచ్చు.